ఇరవై గుంటలు అమ్మి క్రిమినల్ జస్టిస్ చదవాలా?

నర్సంపేట దగ్గరి ఒక పల్లె నుంచి పద్దెనిమిదేళ్ల అమ్మాయి రాసిన నాలుగు పేజీల ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయవద్దని కోరారు. ఇంటర్మీడియట్ బైపీసీలో ఆమెకు 1,000కి 912 మార్కులు వచ్చాయి. నీట్‌లో సీటు వచ్చేంత ర్యాంకు రాలేదు, మళ్లీ ఏడాది కూర్చునే ఉద్దేశమూ లేదు. బీసీ కుటుంబం. తండ్రి నాలుగెకరాల్లో మిర్చి, పత్తి వేస్తారు. నిరుడు ఎనుమాముల మార్కెట్‌కు తోలిన మిర్చికి పెట్టుబడి కూడా తిరిగి రాలేదు. తల్లి ఇంటి దగ్గరే బట్టలు కుడతారు, తమ్ముడు పదో తరగతి చదువుతున్నాడు.

రెండేళ్ల కిందట వాళ్ల చిన్నమ్మ అదనపు కట్నం వేధింపుల కేసు పెట్టారు. వాయిదాలకు ఆమె వెంట కోర్టుకు వెళ్తున్నది ఈ అమ్మాయే. "స్టేషన్‌లో ఒక మాట, కోర్టులో ఒక మాట. వాయిదా ఎందుకు పడ్డదో చెప్పే మనిషి ఒక్కరూ లేరు. ఆ చెప్పే మనిషిని నేను కావాలని అప్పుడే అనుకున్న" అని రాశారు. ఇంతలో హనుమకొండలోని ఒక కన్సల్టెన్సీ వాళ్లు పొరుగు రాష్ట్రంలోని ఒక ప్రైవేటు యూనివర్సిటీలో బీఏ క్రిమినల్ జస్టిస్ (పోలీసు, కోర్టులు, జైళ్ల వ్యవస్థ గురించిన చదువు) కోర్సు చూపించారు. ఫీజు ఏడాదికి 2 లక్షల 40 వేలు, హాస్టలు, భోజనం, రాకపోకలకు ఇంకో లక్షా 30 వేలు. మూడేళ్లకు కలిపి 11 లక్షల 10 వేలు. ఆ చదువుతో పోలీసు, సీబీఐ, జైళ్లు, నేరాల ఆధారాలను పరీక్షించే ఫోరెన్సిక్ ల్యాబులు అన్నింటిలోనూ అవకాశాలు ఉంటాయని, ఆపైన అమెరికాలో ఎంఎస్ చేస్తే ఏడాదికి 75 వేల డాలర్లకు తగ్గదని చెప్పారు. ఆ ఎంఎస్‌కు మరో 40 లక్షలు. బాపు రోడ్డు పక్కన ఉన్న 20 గుంటలు, అంటే అర ఎకరం, అమ్ముతానంటున్నారు. అమ్మ ఆ భూమిని పెళ్లి ఖర్చుకని దాచుకున్నారు. కానిస్టేబుల్‌గా పనిచేసే మేనమామ "ఏ డిగ్రీ అయినా ఒక్కటే, ఇక్కడే చదివి ఎస్ఐకి ప్రిపేర్ కా" అంటున్నారు. తన ఎత్తు అయిదడుగులని చివర్లో ఒక్క ముక్కలో రాసి, "బాపు భూమి అమ్మినాక ఉద్యోగం రాకపోతే ఏ ముఖం పెట్టుకొని ఇంటికి రావాలె?" అని ఉత్తరం ముగించారు.

సమాధానం:

అమ్మా, ఫీజుల లెక్కలోకి దిగే ముందు "ఆ చెప్పే మనిషిని నేను కావాలి" అన్న మీ మాట దగ్గర కాసేపు ఆగుతాను. పద్దెనిమిదేళ్ల వయసులో ఇంత స్పష్టంగా ఒక పనిని కోరుకునేవారు తక్కువ. ఆ కోరిక గట్టిది, దాన్ని వదులుకోవాలని నేను ఎక్కడా అనబోవడం లేదు. అయితే మీ కోరిక, ఆ డిగ్రీ, ఆ ఉద్యోగాలు మూడు వేర్వేరు సంగతులు. కన్సల్టెన్సీ వాళ్లు మూడింటినీ ఒకే మూట కట్టి 11 లక్షలని ధర చెప్పారు. మూట విప్పి చూస్తేనే దేనికి ఎంత ఇవ్వవచ్చో తెలుస్తుంది. అందుకు నేను ఒకే ప్రశ్న వేసుకుంటాను: ఈ డిగ్రీ లేకపోతే మీకు అందకుండా పోయే ఉద్యోగం ఏది?

పోలీసు ఉద్యోగంతో మొదలుపెడదాం. తెలంగాణలో కానిస్టేబుల్‌కు ఇంటర్మీడియట్ చాలు. ఆ అర్హత మీకు ఇప్పటికే ఉంది. ఎస్ఐకి గుర్తింపు పొందిన యూనివర్సిటీ నుంచి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. రాత పరీక్షలో అంకగణితం, రీజనింగ్, జనరల్ స్టడీస్, ఇంగ్లిష్, తెలుగు ఉంటాయి తప్ప క్రిమినాలజీ (నేరశాస్త్రం) పేపరు లేదు, క్రిమినల్ జస్టిస్ చదివినవారికి అదనపు మార్కులూ లేవు. డిప్యూటీ జైలర్ పోస్టులను కూడా 2022లో ఎస్ఐ పోస్టులతో కలిపే భర్తీ చేశారు. సీబీఐలో సబ్ ఇన్‌స్పెక్టర్ కావాలంటే స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నిర్వహించే కంబైన్డ్ గ్రాడ్యుయేట్ లెవెల్ పరీక్ష రాయాలి. దానికీ ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలు. అంటే బ్రోచర్‌లో పెద్ద అక్షరాలతో ఉన్న ఉద్యోగాల్లో చాలావాటికి ఆ డిగ్రీ అవసరం లేదు. ఇంతవరకు మీ మేనమామ చెప్పినది అక్షరాలా నిజం.

జీతం సంగతి కూడా అడిగారు. 2022 నోటిఫికేషన్‌లో ఎస్ఐ వేతన స్కేలు 42,300 నుంచి 1,15,270 రూపాయలు, కానిస్టేబుల్‌ది 24,280 నుంచి 72,850. వీటిపైన కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం కలుస్తాయి. సీబీఐ ఎస్ఐకి మూల వేతనం 44,900తో మొదలవుతుంది. మీరు 11 లక్షలు పెట్టి చదివినా, నర్సంపేటలో ఇంటి నుంచి వెళ్లి చదివినా ఈ అంకెలు ఒక్క రూపాయి కూడా మారవు.

మేనమామ చెప్పని సంగతి ఒకటి ఉంది. ఇక్కడ పోలీసు ఉద్యోగాల పెద్ద నోటిఫికేషన్లు 2015 చివర, 2018లో, ఆ తర్వాత 2022లో వచ్చాయి. నడుమ రెండున్నర నుంచి నాలుగేళ్ల ఎడం. హనుమకొండ స్టేడియంలో తెల్లవారుజామున పరుగెత్తే పిల్లలను చూస్తూ ఉంటాను. వారిలో కొందరు డిగ్రీ అయిపోయి అయిదేళ్లు దాటినవారు. వాళ్ల కష్టం చూస్తే మనసు తరుక్కుపోతుంది. ఎస్ఐ ఉద్యోగమే లక్ష్యమైనా, నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే కాలంలో ఏం చేస్తారన్న దానికి ఇప్పుడే ఒక జవాబు ఉండాలి.

మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేసిన ఎత్తు విషయం నన్ను ఉత్తరం రెండోసారి చదివించింది. 2022 నోటిఫికేషన్ ప్రకారం మహిళా అభ్యర్థుల ఎత్తు 152.5 సెంటీమీటర్లకు తగ్గకూడదు. సరిగ్గా అయిదడుగులంటే 152.4 సెంటీమీటర్లు. ఒక్క మిల్లీమీటరు తేడా! కాబట్టి ఇంటి గోడకు ఆనుకొని గీసిన గీతను నమ్మకండి. ఆసుపత్రిలోనో, వ్యాయామ ఉపాధ్యాయుల దగ్గరో చెప్పులు లేకుండా, ఉదయం పూట, రెండు మూడు రోజులు కొలిపించుకోండి. పద్దెనిమిదేళ్లకు ఇంకా కొంచెం పెరిగే అవకాశం కొందరికి ఉంటుంది గాని దానిమీద ఆశ పెట్టుకొని భూమి అమ్మలేం. ఒకవేళ 152.5 అందకపోతే రాష్ట్రంలో ఎస్ఐ, కానిస్టేబుల్ ఉద్యోగానికి ఏ డిగ్రీ అయినా అక్కరకు రాదు. అప్పుడు సీబీఐ ఎస్ఐ మిగులుతుంది, దానికి మహిళల ఎత్తు 150 సెంటీమీటర్లు ఉంటే చాలు. ఎత్తు సరిపోతే 800 మీటర్ల పరుగును 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయగలరా అన్నది తర్వాతి ప్రశ్న, దానికి సాధన ఉంది. దరఖాస్తు చేసేనాటికి వచ్చే నోటిఫికేషన్‌లో ఈ కొలతలను మళ్లీ చూసుకోవాలి.

ఇక ఆ 75 వేల డాలర్ల మాట. ఆ అంకె గాలిలోంచి పుట్టినది కాదు. అమెరికా కార్మిక గణాంకాల విభాగం లెక్క ప్రకారం 2024 మే నాటికి అక్కడి పోలీసులు, డిటెక్టివ్‌ల మధ్యస్థ వార్షిక వేతనం 77 వేల డాలర్ల పైచిలుకు, ప్రొబేషన్ అధికారులది (జైలు బయట ఉంచిన దోషులను పర్యవేక్షించేవారు) 64 వేల పైచిలుకు. క్రిమినల్ జస్టిస్ అనే డిగ్రీ ఆ దేశపు వ్యవస్థకు తగ్గట్టు అక్కడ పెరిగిన చదువు. అక్కడ నగరానికి, కౌంటీకి వేర్వేరు పోలీసు విభాగాలు, జైళ్లు, ప్రొబేషన్ కార్యాలయాలు ఉండి ఎవరి నియామకాలు వారే చేసుకుంటారు కనుక ఆ డిగ్రీ పట్టుకొని స్థానిక విద్యార్థి పది చోట్ల దరఖాస్తు పెట్టగలడు. అయినా చాలా పోలీసు విభాగాల్లో హైస్కూలు చదువు, అకాడమీ శిక్షణ ఉంటే ప్రవేశం దొరుకుతుంది. అందుకే అప్పు చేసి నాలుగేళ్ల డిగ్రీ చేయడం గిట్టుబాటు అవుతుందా అన్న లెక్క అక్కడి కుటుంబాలూ వేసుకుంటాయి. ఫెడరల్ దర్యాప్తు సంస్థల్లో చేరాలంటే అమెరికా పౌరసత్వం తప్పనిసరి, పోలీసు ఉద్యోగాలకూ సాధారణంగా అదే అడుగుతారు. విద్యార్థి వీసాపై వెళ్లిన మీకు చదువయ్యాక పనిచేయడానికి ఇచ్చే గడువు 12 నెలలు. ఫోరెన్సిక్ సైన్స్, సైబర్ ఫోరెన్సిక్స్ వంటి స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సులకైతే మరో 24 నెలలు పొడిగిస్తారు. క్రిమినల్ జస్టిస్ మామూలుగా ఆ జాబితాలోకి రాదు. కాబట్టి ఆ జీతం ఉన్నది నిజమే గాని మీకు అందేది కాదు. ఆ ఎంఎస్ కోసం 40 లక్షల అప్పు ఆలోచనను పక్కన పెట్టమని మాత్రం గట్టిగానే చెబుతాను.

నన్ను ఎక్కువ కలవరపెట్టినది మరొకటి ఉంది. మీరు చదివింది బైపీసీ. ఫోరెన్సిక్ ల్యాబులో బయాలజీ, సీరాలజీ (రక్తం, శరీర ద్రవాల పరీక్ష), కెమిస్ట్రీ, టాక్సికాలజీ (విషాల పరీక్ష) విభాగాల్లో పనిచేసేవారికి ఆయా సైన్సుల్లో డిగ్రీ, పీజీ ఉండాలి. 2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 176వ సెక్షన్ ప్రకారం ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలి. దీన్ని అమలు చేయడానికి రాష్ట్రాలకు అయిదేళ్ల వ్యవధి ఇచ్చారు. దాంతో ఈ రంగంలో మనుషుల అవసరం పెరగక తప్పదు. న్యాయవ్యవస్థలోకి వెళ్లాలనుకునే బైపీసీ విద్యార్థికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు. మీరు బీఏ క్రిమినల్ జస్టిస్‌లో చేరితే 11 లక్షలు పోవడం ఒక నష్టం, రెండేళ్లు కష్టపడి సంపాదించిన ఈ సైన్సు అర్హత అక్కడితో ఆగిపోవడం రెండో నష్టం. ఆ రెండో నష్టం గురించి మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. బీఏ చేసినవారు ఫోరెన్సిక్ ల్యాబులో శాస్త్రవేత్త కాలేరు.

దీనికి ఎదురుగా, కెమిస్ట్రీ ఉన్న బీఎస్సీని దోస్త్ (డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ ప్రవేశాల విధానం) ద్వారా హనుమకొండలోని పింగళి ప్రభుత్వ మహిళా కళాశాలలోనో, నర్సంపేటలోనో చదివితే ఎంత అవుతుందో చూడండి. గ్రామీణ ప్రాంతంలో బీసీ కుటుంబ వార్షిక ఆదాయం లక్షన్నర లోపు ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అర్హత ఉంటుంది. ఆదాయ ధ్రువపత్రం ఇప్పుడే తీసి పెట్టుకోండి. రీయింబర్స్‌మెంట్ ఆలస్యమై ప్రైవేటు కాలేజీలు సర్టిఫికెట్లు ఆపిన సంఘటనలు విన్నాం కనుక ప్రభుత్వ కాలేజీకే మొగ్గు చూపండి. ఆర్టీసీ బస్సులో మహిళలకు ఉచిత ప్రయాణం ఇచ్చే మహాలక్ష్మి పథకం వల్ల మీకు చార్జీ కూడా లేదు. మూడేళ్ల మొత్తం ఖర్చు, హాస్టల్లో ఉన్నా సరే, ఆ యూనివర్సిటీలో ఒక్క ఏడాది ఖర్చును దాటదని నా అంచనా. ఆ తర్వాత ఉస్మానియాలో ఎంఎస్సీ ఫోరెన్సిక్ సైన్స్ ఉంది. గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ ఉంది. అది 2020లో పార్లమెంటు చట్టంతో ఏర్పడినది.

అయితే మీ కోరికను మరోసారి చదివితే అది ల్యాబులో గాజు పలకల ముందు కూర్చునే పనిలాగా నాకు అనిపించలేదు. చిన్నమ్మ పక్కన నిలబడి ఆమెకు అర్థమయ్యేటట్టు చెప్పే మనిషి సాధారణంగా న్యాయవాది అవుతారు. ఇంటర్ తర్వాత లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి అయిదేళ్ల లా చదవవచ్చు, లేదా డిగ్రీ తర్వాత మూడేళ్లది చదవవచ్చు. కాకతీయ యూనివర్సిటీ లా కాలేజీ సుబేదారిలోనే ఉంది. అయిదేళ్ల కోర్సులో ఒక ఏడాది కలిసివస్తుంది, బీఎస్సీ తర్వాతి మూడేళ్ల కోర్సులో ఫోరెన్సిక్ దారి కూడా తెరిచి ఉంటుంది. లా తర్వాత క్రిమినల్ కోర్టుల్లో మూడేళ్లు ప్రాక్టీసు చేస్తే, కోర్టులో ప్రభుత్వం తరఫున వాదించే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ పోస్టుకు అర్హులవుతారు. 2021లో 151 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు; స్కేలు 54,220 నుంచి 1,33,630, అంటే ఎస్ఐ కంటే ఎక్కువ. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకూ మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఈ దారిలో కష్టం ఎక్కడుందంటే, జూనియర్‌గా ఉన్న తొలి రెండు మూడేళ్లు చేతికి వచ్చే డబ్బు గది అద్దెకు కూడా చాలదు. ఇరవై నాలుగు, ఇరవై అయిదేళ్ల వయసులో ఇంట్లో పెళ్లి మాట వినబడుతూ ఉండగా సంపాదన లేకుండా నిలదొక్కుకోవడం ఆడపిల్లకు ఎంత భారమో నాకు తెలుసు. బాపు దగ్గర డబ్బు అవసరమయ్యేది అప్పుడు. ఆ 20 గుంటలను ఇప్పుడు ఫీజుగా ఖర్చు చేసుకుంటే, ఆ రోజు మీ వెనక ఏమీ ఉండదు.

అమ్మకుండా బ్యాంకు రుణం తీసుకుంటేనో అని కూడా రాశారు. ఏడున్నర లక్షలు దాటిన విద్యారుణానికి బ్యాంకులు సాధారణంగా ఆస్తి తనఖా అడుగుతాయి కాబట్టి కాగితం మీదికి వచ్చేది మళ్లీ ఆ భూమే. 10 లక్షలు పదిన్నర శాతం వడ్డీకి తీసుకొని, చదువు మూడేళ్లు, ఆపైన ఒక ఏడాది వాయిదా కట్టకుండా ఉంటే, అప్పటికి అసలూ వడ్డీ కలిసి 13 లక్షలు దాటుతుంది. దాన్ని పదేళ్లలో తీర్చడానికి నెలకు దాదాపు 17,700 కట్టాలి. ఆ నెలల్లో మీరు నోటిఫికేషన్ కోసం చదువుతుంటారో, ఏదో ప్రైవేటు సంస్థలో 20, 25 వేల జీతానికి చేరి ఉంటారో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. మిర్చి ధర పడిపోయిన ఏడాది కూడా ఆ వాయిదా ఆగదు.

ఇంత చెప్పాను గనుక ఆ చదువుకే విలువ లేదని అర్థం చేసుకోవద్దు. నేరం ఎందుకు జరుగుతుంది, శిక్ష వల్ల మనిషి మారతాడా, బాధితులకు వ్యవస్థ ఏం బాకీ ఉంది అన్నవి ఎంతో అవసరమైన ప్రశ్నలు, మన దగ్గర వాటిని శ్రద్ధగా చదివినవారు చాలా తక్కువ. అధ్యాపకులు కావడానికి రాసే యూజీసీ నెట్‌ పరీక్షలో క్రిమినాలజీ ఒక సబ్జెక్టు. పరిశోధన, అధ్యాపకత్వం వైపు వెళ్లేవారికి ఆ డిగ్రీ నిజంగా అవసరం. మద్రాస్ యూనివర్సిటీలో దానికి ప్రత్యేక విభాగమే ఉంది. కాని ఆ చదువును పీజీలో రెండేళ్లు చదువుకోవచ్చు, అప్పటికి మీ మనసు ఎటు ఉందో మీకే తెలిసి ఉంటుంది. మూడేళ్ల తర్వాత కూడా ఇదే చదవాలనిపిస్తే అప్పుడు చేరడంలో తప్పు లేదు.

అన్నీ విన్న తర్వాత కూడా అదే యూనివర్సిటీ అనిపిస్తే, ఫీజు కట్టే ముందు ఆ కోర్సు పూర్తి చేసిన బ్యాచ్ విద్యార్థులు పదిమంది ఇప్పుడు ఎక్కడ ఏ ఉద్యోగంలో ఉన్నారో అడిగి, వారిలో ఇద్దరు ముగ్గురితో మీరే ఫోన్‌లో మాట్లాడండి. నడుమ మానేస్తే ఫీజు ఎంత తిరిగిస్తారో కాగితం మీద రాయించుకోండి. అడ్మిషన్‌కు కన్సల్టెన్సీకి ఎంత ముడుతుందో కూడా నిస్సంకోచంగా అడగవచ్చు. బయట డిగ్రీ చేస్తే ఉద్యోగాల్లో లోకల్ హక్కు పోతుందన్న భయం మాత్రం అక్కరలేదు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కడ చదివారన్నదే చూస్తారు.

మీ బాపుతో మాట్లాడేటప్పుడు "నేను ఆ కోర్సు మానుకుంటున్న" అని మొదలుపెట్టకండి. బిడ్డ కోసం రోడ్డు పక్క భూమి అమ్మడానికి సిద్ధపడిన తండ్రి ఆ మాటను తన పేదరికం మీద తీర్పుగా తీసుకుంటాడు. ఇరవై గుంటలు ఇప్పుడు కాదు, లా అయ్యాక ప్రాక్టీసు పెట్టేనాడు కావాల్సి రావచ్చు, అప్పటిదాకా ఉంచమని అడగండి. అమ్మకు కూడా ఆ మాట కొంత ఊరటగా ఉంటుంది. ఆమె భయం భూమి పోవడం గురించే గాని మీ చదువు గురించి కాదని ఉత్తరం చదివితే నాకు అనిపించింది.

చివరగా మీ చిన్నమ్మ సంగతి. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. ఈ వారంలోనే ఆమెను వెంటబెట్టుకొని జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయానికి వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. కేసు ఏ దశలో ఉందో, వాయిదాలు ఎందుకు పడుతున్నాయో అక్కడి న్యాయవాదిని అడిగి రాసుకోండి. మీకు పద్దెనిమిదేళ్లు నిండాయి కనుక పారా లీగల్ వాలంటీర్లను (న్యాయ సహాయంలో తోడ్పడే స్వచ్ఛంద కార్యకర్తలను) ఎప్పుడు తీసుకుంటారో కూడా అదే కార్యాలయంలో కనుక్కోండి. రోజుకింత అని చిన్న గౌరవ భృతి తప్ప జీతం ఉండదు, కాని కోర్టు మెట్ల దగ్గర తెలియక నిలబడ్డవారికి చెప్పే పని అదే. బీఎస్సీయా, లానా అన్నది తేల్చుకోవడానికి దోస్త్ గడువు లోపల మీకు దొరికే కొద్ది వారాలను ఆ కోర్టు వరండాలో గడపండి. ఏం చూశారో, ఎత్తు ఎంత వచ్చిందో నాకు మళ్లీ రాయండి.